ఎవరి పద్దులో రాయాలి?

“ఉద్యోగం మానేశాను మామా” అని ఫోన్లో చెప్పినప్పుడు మా అక్క కూతురి గొంతులో పరీక్ష పాసైన సంబరం ఉంది. నాకు అనుమానం మొదలైంది అక్కడే. మానేసి దిగులు పడితే అర్థం చేసుకుందును. హమ్మయ్య అనుకున్నా అర్థం చేసుకుందును. గెలిచినట్టు ఎందుకుండాలి? ఎవరి మీద గెలిచినట్టు?

బెంగళూరులో ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన పిల్ల. ఇప్పుడు శ్రీకాళహస్తిలో గది అద్దెకు తీసుకుని, ఒక గురువుగారి ఇంట్లో కలంకారీ నేర్చుకుంటోంది. పెళ్ళి మాటెత్తితే ఫోన్ పెట్టేస్తోందట. మా బావ ఆ పిల్లతో మాట్లాడటం మానేశాడు. మా అక్క మాట్లాడి మాట్లాడి ఏడుస్తోంది. ఆర్నెల్లు చూసి, ఒక పొద్దున తిరుపతిలో బస్సెక్కి వెళ్ళాను. నేను డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం, తర్కం చెప్పి రిటైరైనవాణ్ణి. వాదన నాకు ఉద్యోగం వల్ల అంటుకున్న జబ్బు, ఆ పిల్లకి పుట్టుకతోనే ఉంది. మా మధ్య నడిచినదాంట్లో ఊరి కబుర్లు తీసేస్తే మిగిలింది ఇది.

వసారాలో నేల మీద గుడ్డ పరిచి ఉంది. నల్ల గీతల్లో అశోకవనం, కింద సీతమ్మ, కొమ్మ మీద హనుమంతుడు. వెదురు పుల్లకి చుట్టిన ఉన్నిని పటిక నీళ్ళలో ముంచి, వేళ్ళతో నొక్కుతూ, ఎరుపు రావాల్సిన చోటల్లా పూస్తోంది. పూసిన చోట తడి తప్ప మరేమీ కనబడటం లేదు.

“నలుగురూ ఏమనుకుంటున్నారో చెప్పిపోదామని వచ్చావా?” అంది తలెత్తకుండా.

“ఎవరా నలుగురు?”

“అదే నాకూ తెలీదు. ఎదురింటావిడ, నాన్న ఆఫీసువాళ్ళు, పెళ్ళిళ్ళలో తప్ప కనబడని చుట్టాలు. వీళ్ళలో ఒక్కరైనా నా గది అద్దె కడతారా? కట్టనివాళ్ళకి ఓటెందుకు మామా?”

“చచ్చాక మొయ్యడానికైనా నలుగురు కావాలంటారు.”

“ఇప్పుడు వైకుంఠరథం వస్తుంది. ఫోన్ చేస్తే చాలు.”

నవ్వాను. కానీ వదల్లేదు. “సోక్రటీస్ కొంతవరకు నీ పక్షమే పాపా. మరణశిక్ష పడి జైల్లో ఉంటే క్రిటో అనే స్నేహితుడు వచ్చాడు. కాపలావాడి చెయ్యి తడిపాను, పారిపోదాం రా, లేకపోతే డబ్బుకి వెనకాడి నిన్ను చావనిచ్చానని లోకం నన్ను ఆడిపోసుకుంటుంది అన్నాడు. లోకం మాటతో మనకేం పని, మంచిచెడ్డలు తెలిసినవాడి మాట చాలదా అన్నాడు సోక్రటీస్.”

“చూశావా.”

“పూర్తిగా విను. ఆ మాట అన్నవాడు పారిపోలేదు. డెబ్భై ఏళ్ళు ఈ పట్నంలో బతికాను, దీని చట్టాల నీడనే పుట్టి పెరిగి చదువుకున్నాను, నచ్చకపోతే ఇంకో ఊరు పోయే వీలుండీ పోలేదు, ఇప్పుడు వాటిని కాలదన్ని పోతే ఏం జవాబు చెప్పను అన్నాడు. లోకం నోటికి భయపడలేదు, నిజమే. లోకానికి బాకీ లేనని మాత్రం అనలేదు.”

“నా బాకీ ఎంతేంటి?”

“ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివావు. నీ ఇంజనీరింగ్ చదువుకి నీ మొహం కూడా చూడనివాళ్ళు పన్ను కట్టారు.”

“ఐదేళ్ళు నా జీతంలోంచి నేనూ కట్టాను. జీవితాంతం ఇంజనీరుగానే ఉంటానని ఎవరికైనా రాసిచ్చానా? బాకీ ఉంటే తీరుస్తాను. ఏ పని చేసి తీర్చాలో మాత్రం అప్పిచ్చినవాడు చెప్పకూడదు.”

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకని వేరే వైపు నుంచి వచ్చాను.

“ఈ కోరిక నీదేనని నీకెలా తెలుసు?”

“అదేం ప్రశ్న?”

“పదో తరగతి అయ్యాక ఎంపీసీ ఎవరూ కొట్టి ఇప్పించలేదు నీకు. ఇష్టపడే తీసుకున్నావు. క్లాసులో తెలివైనవాళ్ళంతా అటు పోతుంటే నీ మనసూ అటే పోయింది. ఇప్పుడు బెంగళూరులో నీ ఈడువాళ్ళని చూడు. ఒకడికి కాఫీ తోట కల, ఒకామెకి మట్టి కుండల కల. ఉద్యోగం వదిలేసి మనసుకు నచ్చింది చేసుకుంటున్నవాళ్ళ వీడియోలకి లక్షల మంది చూపరులు. అదీ మందే పాపా. మొదటి మంద నిన్ను ఎంసెట్ వైపు తోలింది, రెండోది ఇటు తోలింది. ఇందులో నువ్వెక్కడ?”

కాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు.

“ఉండొచ్చు. నేనూ దీన్ని మొదట చూసింది ఫోన్లోనే. కానీ నేను మాట్లాడే తెలుగు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది, అది నాది కాదంటావా? మొదటి రెండు నెలలు గురువుగారు నన్ను కలం ముట్టనివ్వలేదు మామా. గుడ్డ ఉతకడం, కరక్కాయ పొడి గేదెపాలలో కలిపి ముంచడం, పిండటం, ఎండేయడం. పాలలో జిడ్డు చాలకపోతే నల్ల గీత పక్కకి పాకుతుంది. ఆ నలుపు చెయ్యడానికి ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ కుండ మూత తీసిన రోజు అన్నం సయించదు. వీడియోలో వాసన లేదు కదా. అక్కణ్ణుంచి తెచ్చుకున్న కోరిక ఆ కుండ దగ్గరే చచ్చిపోయింది. అది చచ్చాక కూడా పొద్దున్నే లేచి వస్తున్నాను. ఇప్పుడున్నది నాది.”

ముప్ఫై ఏళ్ళు క్లాసులో స్వేచ్ఛ గురించి చెప్పాను కానీ ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెప్పలేదు. కోరిక ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తూ పోతే ఎవరిదీ ఎవరిది కాదు. మోజు దిగిపోయిన మర్నాడు మనిషి ఏం చేస్తాడన్నది చూడాలి. అయితే ఒప్పుకున్నట్టు మొహం పెట్టడం ఇష్టం లేక గీతలోకి వెళ్ళాను.

“నీ వాట్సాప్ స్టేటస్‌లో స్వధర్మం గురించి గీతలో శ్లోకం పెట్టావు.”

“పెట్టాను. తప్పా?”

“ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో చూశావా? తన దారి తాను చూసుకుంటానన్నది అర్జునుడు. గురువుల్ని చంపి రాజ్యం ఏలడం కంటే బిచ్చమెత్తుకు తినడం నయమన్నాడు. అంటే రాజీనామా ఇచ్చింది అతను. కృష్ణుడు ఆ కాగితం తీసుకోలేదు. క్షత్రియుడివి, నీ పని యుద్ధం అన్నాడు. వెళ్ళిపోతే మహారథులంతా భయపడి పారిపోయావనుకుంటారు, లోకం నీ అపకీర్తిని కథలుగా చెప్పుకుంటుంది అని కూడా అన్నాడు. నలుగురూ ఏమంటారన్న వాదన రెండో అధ్యాయంలోనే ఉంది. గీత మీ నాయన పక్షం.”

ఈసారి గట్టిగా నవ్వింది. “అయితే స్టేటస్ మార్చేస్తా. నచికేతుణ్ణి పెట్టుకుంటా. ఆత్మ సంగతి అడగొద్దు, ఇంకేదైనా అడుక్కో అని యముడు ఎన్ని ఆశలు పెట్టాడో చూడు. నూరేళ్ళు బతికే కొడుకులు, మనవలు, పశువులు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, కావలసినంత భూమి. మొన్న అమ్మ తెచ్చిన సంబంధం వాళ్ళూ దాదాపు ఇదే చెప్పారు, ఏనుగులు తప్ప. మణికొండలో ఫ్లాటు, శంషాబాద్ దగ్గర స్థలం, అబ్బాయికి గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది. నచికేతుడు అన్నీ వద్దన్నాడు.”

“వద్దన్నాడు, మూడో వరం దగ్గర. మొదటి వరం ఏమిటి?”

“స్వర్గానికి తీసుకెళ్ళే అగ్ని...”

“అది రెండోది. మొదటిది వాళ్ళ నాయన గురించి. ఆయన మనసు కుదుటపడాలి, నా మీద కోపం పోవాలి, నేను తిరిగి వెళ్తే గుర్తుపట్టి పలకరించాలి. ఇదీ అడిగింది. తప్పెవరిది? ఒట్టిపోయిన ఆవుల్ని దానమిస్తున్నదీ, నన్నెవరికిస్తావని అడిగిన పిల్లాణ్ణి మృత్యువుకిస్తాను పొమ్మన్నదీ ఆ తండ్రే. అయినా చావు తర్వాత ఏముందన్న ప్రశ్న ఎత్తే ముందు, ఇంటి దగ్గర ఒక మనిషికి నిద్రపట్టాలని కోరుకున్నాడు ఆ పిల్లాడు. కఠోపనిషత్తు మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ వరాన్ని గబగబా దాటేసి మూడోదానికి పరుగెత్తుతారు. నాకెప్పుడూ మొదటి వరం దగ్గరే కాలు ఆగిపోతుంది.”

కలం గిన్నె అంచున పెట్టింది. “అంటే నాన్న ఒప్పుకుంటేనే నాకు దారి అన్నమాట. చలం ఎవర్ని అడిగాడు మామా?”

చలం రాకుండా మా ఇంట్లో ఏ వాదనా ముగియదు. నా పెళ్ళప్పుడూ వచ్చాడు.

“చలం గొప్పవాడే. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తూ, పరువు పోతుందన్న భయం లేకుండా, 1927లో మైదానం వేశాడు. అనుకున్నది రాసి, అనుకున్నట్టు బతికి, అంత మూల్యం చెల్లించినవాళ్ళు తెలుగులో అరుదు. కానీ వెలి ఆయన ఒక్కడికే పడిందా? వాళ్ళావిడ రంగనాయకమ్మగారు, పిల్లలు, అందరూ ఆ వెలిలోనే బతికారు. 1950లో అరుణాచలం వెళ్ళిపోయినప్పుడూ కుటుంబమంతటికీ ఊరు మారింది. చలం పడ్డ బాధ మనకి ఆయన ఆత్మకథలో దొరుకుతుంది. ఆవిడ బాధ ఆయన చెప్పినంతే దొరుకుతుంది.”

“అంటే పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు నోరు మూసుకోవాలా?”

“గోరాని చూడు. బోటనీ లెక్చరరు. దేవుడు లేడన్న మాట దాచుకోనందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలో చేసిందీ నిలవలేదు. 1940లో ముదునూరు అనే పల్లెటూళ్ళో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో విజయవాడకి మార్చాడు. నెల జీతం లేని ఇల్లు. ఆ ఇంటావిడ సరస్వతీ గోరా పదేళ్ళప్పుడు పెళ్ళయి వచ్చిన మనిషి. గర్భిణి గ్రహణం చూడకూడదని ఊరంతా అంటుంటే కడుపుతో ఉండి వెళ్ళి చూసింది. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి పోయింది. మొగుడి మొండితనానికి తల వంచిన మనిషి చేసే పనులు కావవి. ఆ దారిలో ఆవిడా తన కాళ్ళతోనే నడిచింది.”

“పిల్లల్ని అడిగారా మరి? ఉప్పు సత్యాగ్రహమప్పుడు పుట్టాడని ఒకడికి లవణం. యుద్ధం మొదలైన ఏడాది పుట్టాడని ఇంకొకడికి సమరం. బళ్ళో ఎంత ఏడిపించి ఉంటారో పాపం.”

“అది ఒప్పుకుంటా. కానీ లవణం పెద్దయ్యాక ఏం చేశాడు? జాషువా కూతురు హేమలతని పెళ్ళాడి, ఇద్దరూ స్టువర్టుపురంలో, దొంగలన్న ముద్ర పుట్టుకతో వేయించుకున్నవాళ్ళ మధ్య పనిచేశారు. ఇష్టం లేని బరువును ఎవడూ అంత దూరం మొయ్యడు. ఏ దారి గొప్పదన్నది కాదు పాపా నా ప్రశ్న. ఆ దారికయ్యే ఖర్చు ఎవరి పద్దులో రాశారు, రాసేముందు వాళ్ళకి చెప్పారా అన్నది.”

నా వాదన ఇక్కడితో గట్టిపడిందని నాకు బాగానే అనిపించింది. మంచినీళ్ళు అడిగాను. చెంబు తెచ్చిచ్చి, నిలబడే మాట్లాడింది.

“బాగుంది. ఈ ప్రశ్నే రెండో వైపు కూడా వెయ్యి. నలుగురూ నడిచే దారి ఊరికే వస్తుందా? ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లో వేశారు నన్ను. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి కళ్ళు మూసుకుపోయేదాకా స్టడీ అవర్. నా పక్క మంచం పిల్ల ఒక రోజు మాట్లాడటం మానేసింది. పిలిచినా పలకదు. వాళ్ళ నాన్న వచ్చి పెట్టె సర్దుకుని తీసుకెళ్ళాడు. మర్నాటికి ఆ మంచం మీద ఇంకో పిల్ల. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఖర్చు ఎవరి పద్దులో రాశారు? ముందుగా ఆ పిల్లలకి చెప్పారా? నేను కలం పట్టుకుంటే ఆర్నెల్లకి లెక్కలడగడానికొచ్చావు. ఎంపీసీలో చేరినప్పుడు వచ్చావా?”

“రాలేదు.”

“ఎవరూ రారు.”

మామూలు దారికి ఉన్న సుఖం అదే. అందులో నష్టమొస్తే సంతకం చేసినవాడంటూ దొరకడు. తండ్రి కాలేజీ వైపు చూపిస్తాడు, కాలేజీ ర్యాంకుల వైపు, ర్యాంకులు కంపెనీల వైపు. పిల్ల ఒక్కతీ వేరే దారి పడితే మాత్రం ఆ కాగితం మీద ఆ పిల్ల సంతకం అందరికీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఆ పిల్ల ఇంకా అయిపోలేదంది. “నువ్వు ఖర్చు పక్కే రాస్తున్నావు మామా, జమ రాయడం లేదు. ఈ పని చేతనైనవాళ్ళు ఈ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలిన రోజుల్లో, 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. దాని వెనక ఉన్నది కమలాదేవి చట్టోపాధ్యాయ. చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. అప్పటి లోకం చెప్పినట్టు ఒక మూల కూర్చుని ఉంటే ఆమెని ఎవరూ తప్పుపట్టకపోదురు. మళ్ళీ పెళ్ళి చేసుకుంది, అది కుదరకపోతే విడిపోయింది, జైళ్ళకి పోయింది, దేశమంతా తిరిగి చేతిపనులవాళ్ళని వెతికింది. ఆ కేంద్రంలో జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పారు. ఆయన కొడుకు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఈ వీధుల్లో ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి దీని మీద వెలుగుతోందో చూడు. ఆమె అప్పుడు వాళ్ళవాళ్ళ పరువు పద్దులో ఎంత ఖర్చు రాసిందో నాకు తెలీదు. ఈ జమ ఎవరి పద్దులో వేస్తావు?”

“జమ ఎప్పుడో వస్తుంది. ఎవరికో వస్తుంది. ఖర్చు ఇప్పుడే, ఇంట్లోవాళ్ళకే పడుతుంది. అదే చిక్కు.”

“చిక్కే. కాదన్నానా?” అని గుడ్డ రెండు కొసలూ పట్టుకుని నన్ను ఇంకో రెండు పట్టుకోమంది. నీడలో తాడు మీద వేశాం. “బాగా ఆరాక పారే నీళ్ళలో ఉతకాలి. తొట్లో ముంచితే కుదరదు.”

“ఏం?”

“గుడ్డకి పట్టకుండా మిగిలిన పటిక నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళు పారకపోతే పోయి పక్క బొమ్మ మీద కూర్చుంటుంది. అప్పుడు ఏమీ తెలీదు. ఎర్రరంగు గంగాళంలో ఉడికించినప్పుడు సీతమ్మ చీరతో పాటు పక్కనున్న చెట్టూ ఎర్రబడుతుంది.”

“చూశావా, నేను ఇంతసేపూ చెప్తున్నది...”

“మామా! పటికని పటికగా ఉండనీ. నీకు కనబడ్డదల్లా ఉదాహరణే.”

“సరే, పటిక వద్దు. నీ పద్దు చెప్పు.”

చేతులు తుడుచుకుంటూ చెప్పింది. దాచుకున్న డబ్బు ఏడాదిన్నరకి వస్తుందనుకుంది. తన చేతి పని ఇంకా అమ్మే స్థాయికి రాలేదు. పెళ్ళి వద్దన్నందుకు తల్లి పేరంటాలకి వెళ్ళడం మానేసింది, ఎవరేం అడుగుతారోనని. అది తనకి తెలుసు, రోజూ గుర్తొస్తుంది. తండ్రి మౌనం సరేసరి.

“ఇంకా?”

కలానికి చుట్టిన ఉన్నిని అక్కర్లేకపోయినా రెండుసార్లు పిండింది. “తమ్ముడి వడ్డీ.”

మా మేనల్లుడు డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఇంటి కాగితాలు పెట్టి 30 లక్షలు అప్పు తెచ్చారు. చదువు పూర్తయ్యేదాకా నెలకి వడ్డీయే 27 వేలు. అది అక్క జీతంలోంచి కడుతుందన్న లెక్క మీదే వాడు విమానమెక్కాడు. ఆర్నెల్లుగా పొదుపులోంచి కడుతూ వచ్చింది. అలా కడుతూ పోతే ఏడాదిన్నర కాస్తా ఇంకో మూడు నెలలకి కుదించుకుపోయింది.

“వాడికి చెప్పావా?”

“ఉద్యోగం మానేసిన సంగతే వాడికి తెలీదు. సెమిస్టర్ పాడవుతుందని నేనే అమ్మకి చెప్పొద్దన్నాను.”

“మీ నాయనకి వడ్డీ సంగతి?”

“నాన్న మాట్లాడితే కదా.”

“ఆయన మాట్లాడకపోవడం వేరు, నువ్వు చెప్పకపోవడం వేరు.”

“చెప్తే ఒప్పుకోరు మామా. ఇన్ని మాటలన్నావు, చివరికి అందర్నీ అడిగి, ఒప్పించి, సంతకాలు తీసుకుని నడవమంటున్నావు. అలా ఎవరైనా నడిచారా?”

“ఒప్పించమనలేదు. చెప్పమన్నాను. చెప్పాక వద్దంటే ఆ కోపం నీ పద్దులో రాసుకుని నీ పని నువ్వు చూసుకో, నేను అడ్డం రాను. చెప్పకుండా వాడి నెత్తిన పెడితే మాత్రం, ఆ హాస్టల్ పిల్ల మంచం మీద మర్నాడే ఇంకో పిల్లని పడుకోబెట్టినవాళ్ళకీ నీకూ తేడా ఏముంది?”

మాట కాస్త ఎక్కువైందని నాకే అనిపించింది. ఆ పిల్ల దులుపుకోలేదు.

“ఒకవేళ చెప్పాక, నువ్వు కట్టకపోతే నేను చదువు ఆపేసి రావాలక్కా అన్నాడనుకో. అప్పుడు నేను ఇది మానేయాలా?”

“ఏమో పాపా.”

“ఏమో ఏంటి? ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పావు.”

“అది కూడా నేనే చెప్తే నీ దారి ఎలా అవుతుంది?”

“తప్పించుకున్నావు” అంది. కొంత నిజమే. కాంట్ అయినా, మిల్ అయినా, మన శాస్త్రాలైనా ఇక్కడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వదిలేస్తాయి. తమ్ముడి రెండో సెమిస్టరూ అక్క కలమూ తక్కెడలో వేసి తూచగలవాడెవరు?

గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదిన్నర. అక్కడ రాత్రి పదకొండు.

ఒకసారి మోగగానే ఎత్తాడు. నాకు వినబడింది ఒక వైపే. “పడుకున్నావా?... ఏం లేదు, అందరూ బాగున్నారు. ఒక సంగతి చెప్పాలి, మధ్యలో మాట్లాడొద్దు...” తర్వాత చాలాసేపు ఆ పిల్లే వింది. “అవును, అబద్ధమే చెప్పాను... ఆర్నెల్లు... అరవకురా, పక్కన మామ ఉన్నాడు... లేదు, మామ చెప్తే కాదు.” ఇంకాసేపటికి గొంతు లెక్కల్లోకి దిగింది. “క్యాంపస్‌లో గంటకి ఎంతిస్తున్నారు నీకు?... వారానికి ఇరవై గంటలేగా చెయ్యనిచ్చేది... సరే, నెలకి పన్నెండు వేలు నేను. సంక్రాంతి దాకా ఖాయం. తర్వాతది తర్వాత... మిగతాదా? మిగతాది నాన్ననే అడగాలి... నువ్వొద్దు. నేనడుగుతాన్రా.”

మా బావ మాత్రం ఆ పూట ఫోన్ ఎత్తలేదు.